ఫోటో కింద ఊరిపేరు

ట్రక్కులొచ్చాయి నువ్వు రావొద్దు, అని తమ్ముడి మెసేజీ. రెండు మాటల మధ్య ఒక చుక్క కూడా లేదు. ఎలియేసెర్ ఎప్పుడూ అలా రాయడు, బళ్ళో టీచరమ్మ చేత మెప్పు పొందినవాడు, అక్కకి పంపే మెసేజీలో కూడా కామాలు పెడతాడు, మరి ఇవాళ చెరకు తోటలో బోర్లా పడుకుని బొటనవేలితో కొట్టి ఉంటాడు, నాలుగుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు, ఎత్తకపోవడమే మంచిది, మోగితే చెరకులో ఎక్కడున్నాడో తెలిసిపోతుంది, మరి తనెందుకు చేసింది నాలుగుసార్లు, బుద్ధి ఉండక్కర్లేదా అనుకుంది నెరెయిదా. రాజధానిలో చక్కెర మిల్లు వైపు పోయే బస్సు ఎక్కేసరికి పదకొండయింది. గువాగువా అంటారు అక్కడ అలాంటి చిన్న బస్సుని. పదిహేను మందికి చేసినదాంట్లో ఇరవై ఆరుగురు కూర్చున్నారు, తలుపు పట్టుకుని వేలాడుతున్న కండక్టరు ఇంకా పిలుస్తూనే ఉన్నాడు. "ఏమ్మా నల్లపిల్లా, ఆ సంచీ ఒళ్ళో పెట్టుకోరాదూ, అదేమన్నా టిక్కెట్టు కొందా?" అన్నాడు, అందరూ నవ్వారు. కెమెరా సంచీని ఒళ్ళోకి తీసుకుంది. పక్కన కూర్చున్న లావుపాటావిడ చీపురు కట్టలు రెండు కాళ్ళ సందున ఇరికించుకుని, ధారలు ధారలుగా చెమట కారుతుంటే టోపీతో విసురుకుంటోంది, ఆ గాలి నెరెయిదాకి కూడా తగులుతోంది, ఉప్పు వాసన, చెమట వాసన, కుడివైపు కిటికీల్లో జనాల తలల మీదుగా సముద్రం తెల్లగా మెరుస్తోంది.

ఎన్ని గంటలకి వచ్చి ఉంటాయి ట్రక్కులు. మెసేజీ పది నలభైకి. ఆ వేళప్పుడు నాయనమ్మ సిల్వని ఏం చేస్తూ ఉంటుందో నెరెయిదాకి కళ్ళు మూసుకున్నా తెలుసు, ఈస్టరు ముందు లెంట్ రోజులు కాబట్టి తీపి బీన్సు ఉడకేసి ఉంటుంది, పెద్ద గిన్నె, తమ వరస ఇళ్ళలోని పిల్లలందరికీ సరిపోయేంత, కొబ్బరి పాలు పిండుతూ ఉంటుంది, మోకాళ్ళ నొప్పులకి కాళ్ళు బారజాపుకుని గడప మీద కూర్చునే పని చేస్తుంది. ఆ మోకాళ్ళతో పరిగెత్తలేదు. పరిగెత్తాలనీ అనుకోదు. "నలభై ఏడేళ్ళు ఈళ్ళ చెరుకు కొట్టాను, ఇప్పుడు ఈళ్ళని చూసి ఎందుకు పరిగెత్తాలే?" అంటుంది, అంది కూడా, పోయినసారి కాగితాల్లేనివాళ్ళని పట్టి సరిహద్దు దాటించే ట్రక్కులు పక్క బస్తీకి వచ్చినప్పుడు. దోస్ పోసోస్‌కి మాత్రం ఎప్పుడూ రాలేదు. మట్టిరోడ్డు చివర మిల్లు వెనకాల మూడు వరసల రేకుల గదులు, చెరకు కూలీల బతేయ్, పోస్టుమనిషికే తెలియని చోటు. ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియని చోటుకి ఇవాళ దారెలా తెలిసింది.

తెలియకేం. ఫోటో కింద రాసి పెట్టారుగా.

ఫోన్ మోగింది. ఊలిసెస్. కట్ చేసింది. ఇది మూడోసారి. పాపం అతనికేం తెలుసు, పొద్దున్న రోజూలాగే ఇద్దరూ కలిసి తమ ఫోటోల ఎగ్జిబిషన్ హాలు తలుపులు తీశారు, ఆమె ఫోన్ చూసుకుని మారుమాట్లాడకుండా బయటికి నడిచింది. మంచివాడే. తమ ఆరుగురు ఫోటోగ్రాఫర్ల గుంపులో ఆమెని మొదట కాఫీకి పిలిచింది అతనే, పాత కోట వీధిలో వాళ్ళ బాబాయిగారి ఖాళీ ఇల్లు గుంపుకి ఇప్పించిందీ అతనే. శనివారం శనివారం ఆ ఇంటి డాబా మీద చేరి, ఆ వారం తీసినవి నేల మీద పరిచి, ఒకళ్ళవొకళ్ళు చీల్చి చెండాడుకునేవారు. మనమెవరం, ఎక్కడివాళ్ళం, అదే అందరి యావ. ఊలిసెస్ వాళ్ళింట్లో బీరువా వెనక గోడవైపు తిప్పి పెట్టిన ఫోటో ఒకటుంది, వాళ్ళ ముత్తవ్వది, నల్లటి మనిషి, ఇంటికి చుట్టాలొస్తే కనబడకుండా ఎవరో డెబ్భై ఏళ్ళ కిందట తిప్పేశారు. అతను ఆ ఫోటోని బయటికి తీసి, వాళ్ళమ్మ చేతికిచ్చి, భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి ఫోటో తీశాడు. వాళ్ళమ్మ రెండు నెలలు అతనితో మాట్లాడలేదట. ఎంత నష్టం వచ్చిందో చెబుతున్నట్టు చెప్పాడు. రెండు నెలలు అమ్మ మాట్లాడలేదు. నెరెయిదా అప్పుడు తల ఊపింది, అయ్యో అంది, నిజంగానే జాలిపడింది, కానీ ఇప్పుడు ఈ చీపురు కట్టల మధ్య కూర్చుని తలుచుకుంటుంటే పళ్ళు గిట్టకరుచుకుంటున్నాయి. ఊరిపేరు ఉండాల్సిందే అన్నది అతనే. పేరు లేకపోతే అది పేదరికం బొమ్మ అయిపోతుంది నెరెయిదా, పేరుంటే మనిషి అవుతుంది, ఊరుంటే ఒక చోటి మనిషి అవుతుంది, అని అన్నాడు. డాబా మీద, సాయంత్రం ఎండలో, సిగరెట్టు ఆర్పుతూ. అతనన్నాడు. ఆమె ఒప్పుకుంది, అంతే.

బస్సు పెద్దరోడ్డు వదిలి మిల్లు వైపు ఇరుకు దారిలోకి తిరిగింది. సముద్రం పోయింది. రెండు వైపులా చెరకు, సగం కొట్టేసి, సగం నిలబడి, కొట్టేసిన మేర నల్లగా కాలిన ఆకు. మసి తునకలు కిటికీలోంచి వచ్చి చీపుర్లావిడ టోపీ మీద వాలుతున్నాయి. "ఈ మసి నా ప్రాణానికొచ్చిందమ్మా," అందావిడ, "నీదేవూరు?" ఎంత మామూలు ప్రశ్న. ఎవరైనా ఎవరినైనా అడిగేది. నెరెయిదా ఎప్పుడూ సాన్ పెద్రో అంటుంది, పట్నం పేరు చెబితే తరవాతి ప్రశ్న ఉండదు. ఇవాళ కూడా నోటికి అదే వచ్చింది. "సాన్ పెద్రోకి ఇటెందుకు, అటు పోవాలిగా?" అని ఆవిడ నొసలు చిట్లించి మొహంలోకి చూసింది, జుట్టు చూసింది, మళ్ళీ మొహం చూసింది. టోపీతో విసురుకోవడం రెండోవైపుకి మార్చుకుంది. గాలి ఇటు రావడం ఆగిపోయింది.

పద్దెనిమిదేళ్ళప్పుడు గుర్తింపు కార్డు కోసం వెళితే గుమస్తా కూడా అలాగే చూశాడు. ముందు మొహం, తరవాత కాగితం. తాత ఇంటిపేరు ఫిస్-ఎమె, ముద్దుల కొడుకు అని అర్థమట వాళ్ళ భాషలో, హైతీ నుంచి చెరకు కోతకి ట్రక్కెక్కి వచ్చినప్పుడు అదొక్కటే తెచ్చుకున్నాడు వెంట. నాన్న ఇక్కడే పుట్టాడు, ఇక్కడే పోయాడు. నాన్న పుట్టినప్పుడు ఆస్పత్రిలో రాసినవాడు చెవికి వినబడ్డట్టు ఫిసెమె అని రాశాడు. నెరెయిదాకి అదే వచ్చింది. ఎలియేసెర్ పుట్టినప్పుడు ఇంకెవడో ఫెలిసమే అని రాశాడు. ఒకే తండ్రికి పుట్టిన ఇద్దరికి రెండు ఇంటిపేర్లు. ఆమె మూడేళ్ళు తిరిగింది, నలభై సార్లు అదే బెంచీ మీద కూర్చుంది, చివరికి ఒకరోజు ఎందుకో ఎవరికీ తెలియదు, కార్డు చేతిలో పెట్టారు. తమ్ముడికి పెట్టలేదు. మీ నాన్న పేరూ నీ పేరూ కలవడం లేదు, నువ్వాయన కొడుకువని ఏం నమ్మకం అన్నారు. కార్డు వచ్చిన రోజు నాయనమ్మ దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, చదవడం రాదు కాబట్టి ఫోటోనే చాలాసేపు చూసి, "ఇందులో నువ్వు భయపడ్డట్టున్నావే," అంది.

ఆ మాట వల్లే కదా మొదలైంది ఇదంతా. భయపడని మొహాలు తీయాలనుకుంది. దోస్ పోసోస్‌లో ఒక్కొక్కరినీ వాళ్ళ గుమ్మం ముందు నిలబెట్టి, తమ దగ్గరున్న ఒకే ఒక్క కాగితం పట్టుకోమని. ఒకాయన బాప్తిస్మం చీటీ పట్టుకున్నాడు, ఒకావిడ ఎప్పుడో మందుల కొట్లో ఇచ్చిన రసీదు, పేరు అందులో ఉంది కాబట్టి, మరొకాయన చెరకు తూకం చీటీలు, నలభై, దండలా గుచ్చి. పందొమ్మిది మంది. పందొమ్మిదో మనిషి నాయనమ్మ. రెండుసార్లు తిప్పి పంపింది. మూడోసారి కొబ్బరి తురుముతూ, తల ఎత్తకుండా అడిగింది.

"నా మొహం ఆ పెట్టెలో పెట్టుకుని ఏడేడ తిప్పుతావే?"

"గోడ మీద పెడతాను మాన్," అంది, నాయనమ్మని చిన్నప్పట్నుంచీ అలాగే పిలుస్తుంది. "అందరూ వచ్చి చూస్తారు."

"ఎవరి గోడ?"

నెరెయిదా నవ్వేసింది. నాయనమ్మ లేచి, నీలం తలగుడ్డ బిగించి కట్టుకుని, తాత కూలి కార్డు ఛాతీ దగ్గర పట్టుకుని నిలబడింది, మిలిటరీవాళ్ళలా. తలగుడ్డ లేకుండా ఆ మనిషిని నెరెయిదా పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా చూడలేదు. ఆ ఫోటోయే పేపర్లో సగం పేజీ వేశారు. ఆ ఫోటోయే ఫోన్లన్నీ తిరిగింది. ఎంత బావుందో అన్నారు వందలమంది. వాళ్ళ కింద ఒకడు రాశాడు: ఈ ముసలిది ఏ దేశానిది? దాని కింద ఇంకొకడు: అడ్రసు ఫోటో కిందే ఉందిగా, వెళ్ళి ఏరుకోండి. ఏరుకోండి. పక్కన నవ్వే బొమ్మ. అది చూసిన రాత్రి నిద్రపట్టలేదు, పొద్దున్నకి ఫరవాలేదనిపించింది, కూతలు కూసేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు అనుకుంది.

కానీ అంతకుముందే ఒకడు వచ్చాడు. ఎగ్జిబిషన్ మొదటిరోజు, మధ్యాహ్నం, ఇస్త్రీ చొక్కా, సన్నటి మీసం, చేతిలో ఫోన్. హాలంతా నెమ్మదిగా తిరిగాడు, ప్రతి ఫోటో దగ్గరా వంగి, ఫోన్‌తో ఏదో తీసుకుంటున్నాడు, ఆమె సంబరంగా వెనకే వెళ్ళి చూసింది. ఫోటోలు తీయడం లేదు. కింద అతికించిన చీటీలు తీస్తున్నాడు. పేరు, ఊరు, వరస. అవే, ఒక్కొక్కటే, అక్షరాలు స్పష్టంగా పడ్డాయో లేదో వేళ్ళతో పెద్దది చేసి చూసుకుంటూ. ఎంత శ్రద్ధగా చదువుతున్నాడో అనుకుంది. దగ్గరికెళ్ళి, "మీరు టీచరా అండీ?" అని అడిగింది కూడా. "అలాంటిదే," అన్నాడతను, నవ్వుతూ. "ఇవన్నీ నిజం పేర్లేనా?" "అన్నీ నిజమే," అంది నెరెయిదా. గర్వంగా అంది. ఆ గొంతు ఇప్పుడు చెవుల్లో మోగుతుంటే కిటికీ రాడ్డు పట్టుకుంది. రాడ్డు కాలిపోతోంది. వదలబుద్ధి కాలేదు.

ఊలిసెస్ మళ్ళీ. ఈసారి మోగనిచ్చింది, మోగి మోగి ఆగింది, ఆగాక మెసేజీ వచ్చింది, ఫోన్‌లో వార్త చూశాను దోస్ పోసోస్ నిజమేనా నువ్వెక్కడున్నావ్, ఆ కింద ఇంకొకటి, నేనప్పుడే చెప్పాను కదా అని అనను. అనను అట. ఏం చెప్పావప్పుడు. డాబా, ఎండ, సిగరెట్టు. అతను సిగరెట్టు ఆర్పుతూ అన్నాడు, అన్నాడు, ఊరిపేరు... పెదవులు కదిలిన తీరు గుర్తుంది, మాట గుర్తులేదు, మాట తను పెట్టుకుంది. ఊరిపేరు వద్దేమో నెరెయిదా, ఒక్కసారి ఆలోచించు, అని అన్నాడతను. పేదరికం బొమ్మ అయిపోతుంది అన్నది తను. లేచి నిలబడి అంది. "మీ ముత్తవ్వని గోడకేసి తిప్పినట్టు మావాళ్ళనీ తిప్పెయ్యమంటావా?" అంది. అతని మొహం ఎర్రబడింది. మిగతా నలుగురూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఎంత బావున్నాయి. నాయనమ్మని ఊరిపేరు సంగతి అడగలేదు. అడిగితే వద్దంటుందని తెలుసు, అందుకే అడగలేదు. పందొమ్మిది మందిలో ఒక్కరినీ అడగలేదు.

బస్సు ఆగింది. ఇందాకట్నుంచీ మోగుతున్న పాట కూడా ఆగింది, డ్రైవరు తీసేశాడు. "కార్డులు తీసి పెట్టుకోండమ్మా, అయ్యా," అన్నాడు కండక్టరు, ఇందాకటి వేళాకోళం ఎటు పోయిందో, గొంతు తగ్గించి. రోడ్డుకడ్డంగా రెండు డ్రమ్ములు, ఇనప గొట్టం, నలుగురు సిపాయిలు. ఎప్పుడూ ఉండే చోటే. ఎప్పుడూ లోపలికి తల పెట్టి, పొమ్మంటారు. ఇవాళ ఎదురువైపు ఒక ట్రక్కు కూడా ఆగి ఉంది, వెనకంతా కోళ్ళ బుట్టలా ఇనప ఊచలు, ఊచల వెనక మనుషులు, నిలబడి, ఒకరికొకరు ఆనుకుని. ఆమె కిటికీ సరిగ్గా దానికెదురుగా ఆగింది. చెయ్యి చాపితే అందదు గానీ, పేరు పెట్టి పిలిస్తే వినబడేంత దూరం. తూకం చీటీల పెద్దాయన కనబడ్డాడు. రసీదు ఆవిడ, చంకలో బిడ్డ. ఆ పక్కన నెరిసిన పొట్టి జుట్టుతో ఎవరో ముసలామె, తల అంత చిన్నగా, పిల్లల తలలా ఉంది, ఎవరీవిడ దోస్ పోసోస్‌లో నేనెరగని మనిషి అనుకుంది నెరెయిదా, అనుకుంటుండగానే ఆ ముసలామె తల తిప్పింది. నాయనమ్మ. తలగుడ్డ లేదు. ఒక కాలికే చెప్పుంది. చేతికి కొబ్బరి తురుము అంటుకుని ఎండిపోయి ఉంది.

చూసింది. తప్పకుండా చూసింది, ఎందుకంటే కళ్ళు ఒక్క క్షణం ఆగాయి. ఆ తరవాత, బస్సు మీద నుంచి, కిటికీల మీద నుంచి, చెట్టు మీద నుంచి పోయినట్టే ఆమె మీద నుంచి పోయాయి. చీపుర్లావిడనీ అలాగే చూసింది, అంతసేపే చూసింది. మాన్, అని గొంతులోకి వచ్చింది. రానీయలేదు.

సిపాయి వరసగా కార్డులు చూస్తూ వస్తున్నాడు. కుర్రవాడు, తనకన్నా చిన్నవాడేమో, తనకన్నా నల్లగానే ఉన్నాడు. కార్డు అందుకుని, మొహం చూశాడు, కార్డు చూశాడు.

"ఫిసెమె. ఇదెక్కడి పేరు?"

"ఇక్కడిదే."

"ఇక్కడ నేనెప్పుడూ వినలేదే." గెడ్డంతో ట్రక్కు వైపు చూపించాడు. "అందులో నీవాళ్ళెవరైనా ఉన్నారా?"

బస్సులో అందరి మెడలూ ఇటు తిరిగాయి. ఎగ్జిబిషన్ హాలు గుమ్మం మీద రెండు మూరల అక్షరాలతో మావాళ్ళు అని రాయించింది తనే, ఆ అక్షరాలు నిచ్చెన ఎక్కి తన చేత్తోనే అతికించింది. ట్రక్కులో నాయనమ్మ వీపు తిప్పేసుకుంది. సన్నటి వీపు, లోపలి బొమికలు లెక్కపెట్టొచ్చు. నెరెయిదా ఆ వీపునే చూస్తూ, "లేరు," అంది. "వాళ్ళెవరో నాకు తెలీదు."

కార్డు వెనక్కి వచ్చింది. గొట్టం లేచింది. ట్రక్కు పడమటికీ, బస్సు తూర్పుకీ ఒకేసారి కదిలాయి. ఎవరో ఊపిరి గట్టిగా వదిలారు. చీపుర్లావిడ టోపీ తీసి మళ్ళీ విసురుకోసాగింది, ఈసారి గాలి ఇద్దరికీ వచ్చేలా, "పోన్లే అమ్మా, గండం గడిచింది," అంది, మోకాలి మీద తట్టింది. ఆ చెయ్యి తీసెయ్యాలనిపించింది, ఆ చేతిని పట్టుకుని ఏడవాలనిపించింది, రెండూ చెయ్యలేదు. వెనక అద్దంలో దుమ్ము తప్ప ఏమీ లేదు.

దోస్ పోసోస్ మలుపు దగ్గర దిగేసరికి ఎలియేసెర్ రోడ్డుపక్క చెరకులోంచి లేచి వచ్చాడు, చేతులంతా ఆకు కోసిన గీతలు, చొక్కా మసి. అక్కని చూసి కోప్పడలేదు. రోడ్డుకి రెండువైపులా చూసి అడిగాడు.

"దారిలో కనబడ్డారా?"

"కనబడ్డారు."

"నాయనమ్మ?"

"ఊఁ. నన్ను అడిగారురా, మీవాళ్ళా అని. కాదన్నాను."

తిడతాడనుకుంది. కొడితే బావుండుననుకుంది. వాడు చెమట తుడుచుకుని, "మంచి పని చేశావు," అన్నాడు, వంటకి కట్టెలు తెచ్చినదాన్ని మెచ్చుకున్నట్టు. "నువ్వూ పోతే ఆవిణ్ణి వెతకడానికి కార్డున్నవాళ్ళెవరున్నారు మనలో. నేను గడప దాటలేను. సరిహద్దు దాకా రెండుచోట్ల ఆపుతారట, అక్కడే రాసుకుంటారట ఎవరెవరిని దింపారో. ఆ దేశంలో ఆవిడకి ఎవరున్నారక్కా? పదహారో ఏట వచ్చేసింది. ఫోటో ఉందిగా నీ దగ్గర. మంచిది, మొహం బాగా పడ్డది. అది చూపించు." ఫోన్‌లో వందలున్నాయి. ఏది తెరిచినా నీలం తలగుడ్డతోనే ఉంది. ట్రక్కులో తలగుడ్డ లేని ఆ మనిషిని చూసినవాడెవడూ ఈ ఫోటోలో ఆమెని పోల్చుకోలేడని నెరెయిదాకి అప్పుడు తట్టింది, తమ్ముడితో అనలేదు. వాడి వెనక, చెరకు మీదుగా, మూడో వరస నుంచి సన్నటి పొగ లేస్తోంది, ఎవరి పొయ్యో ఎవరూ ఆర్పలేదు, గిన్నె మాడిన వాసన మలుపు దాకా వస్తోంది.

రాజధాని వైపు పోయే బస్సు ఆపి ఎక్కింది. కూర్చోలేదు. డ్రమ్ముల దగ్గర బస్సు ఆగీ ఆగకముందే, కండక్టరు వద్దంటున్నా, దిగి ఆ కుర్ర సిపాయి దగ్గరికి నడిచింది. ఒక చేత్తో కార్డు, ఒక చేత్తో ఫోన్ వాడి ముందు పెట్టింది.

"ఇందాక ట్రక్కులో ఉన్నావిడ. పేరు సిల్వని. జుట్టు పొట్టిగా, నెరిసిపోయి. ఒక కాలికి చెప్పు లేదు. మా నాయనమ్మ. సరిహద్దులో ఏ గేటుకి తీసుకెళ్ళారు?"

వాడు ఫోటో చూడలేదు. కార్డు అందుకున్నాడు, మొహం చూశాడు, గుర్తుపట్టాడు.

"ఇందాక తెలీదన్నావుగా?"

"అన్నాను," అంది నెరెయిదా.

వాడు కార్డు చొక్కా జేబులో వేసుకుని, వెనక్కి తిరిగి రోడ్డుపక్క షెడ్డులో ఉన్న అధికారిని పిలిచాడు. బస్సు ఆమె కోసం ఒక్క నిమిషం ఆగి, హారన్ కొట్టి, వెళ్ళిపోయింది. కార్డు వాడి చొక్కా జేబులోనే ఉంది.